రెండో గది గడియారం

సాయంత్రం ఐదింటికి జిబెక్ మీద అభియోగ పత్రం సంతకం అవుతుంది. నేను ఊళ్లో ఇళ్లన్నిటికీ ఆవిరి పంపే వేడి కేంద్రం గేటు దగ్గర పేరు రాసి లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండూ ఇరవై. చేతిలో ఉన్నది ఐదు గంటల నలభై నిమిషాలు.

నన్ను ఈ పనికి పెట్టినావిడ బల్జాన్ అపా; పెద్దావిడల్ని మేం అపా అంటాం. ఆమె చిన్న కొడుకు ఓల్జబాయ్ ఈ కేంద్రంలో గొట్టాల ఫిట్టరు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నేల కింద గొట్టాల గదిలో అతను బోల్టులు బిగిస్తుండగా పైనుంచి ఆవిరి వదిలారు. శవాన్ని నీళ్లతో కడిగే వీలు లేక ముల్లా ఇసుకతో శుద్ధి చేశాడు. ఆ రోజే బల్జాన్ అపా తన ఇంట్లోని వేడి గొట్టాల మరలన్నీ బిగించేసింది. నా కొడుకును ఉడికించిన వేడి నా ఇంట్లోకి రాకూడదు అంది. అప్పట్నుంచి ఈ చలిలో ఇంట్లో కోటు వేసుకునే కూర్చుంటోంది. ఇవాళ నలభయ్యో రోజు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె ఎక్కువ మాట్లాడలేదు.

“ఆ పిల్ల అయితే ఆ పిల్లే. కాకపోతే ఇంకొకడు. పేరు తెచ్చివ్వు జెయినోల్లా. తప్పు పేరు మీద నా నోరు పడకూడదు.”

పేరు తెలిస్తే ఏం చేస్తావని అడిగాను. అది తనకూ ఆ పేరుకూ మధ్య సంగతి అంది.

ఆ పిల్ల అంటే జిబెక్. ఆవిరి మరలు తిప్పే గదిలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆమె ముందు రెండు తెరలుంటాయి. ఒకదాంట్లో మరలు, రెండోదాంట్లో పనిపత్రాలు. గొట్టాల గదిలోకి మనిషి దిగే ముందు ఫోర్‌మన్ ఆ మనిషి పేరు మీద పనిపత్రం తెరుస్తాడు. పైకొచ్చాక మూస్తాడు. పత్రం తెరిచి ఉన్నంతసేపు మర ముట్టుకోకూడదు. యంత్రం తనంతట తాను ఆపదు. చూసుకోవలసింది మనిషే.

కాగితాల మీద కేసు నున్నగా ఉంది. పన్నెండూ యాభై ఐదుకి జిబెక్ మర తెరిచింది. ఒకటీ ఇరవై ఐదుకి శవం దొరికింది. ఒకటీ నలభై నాలుగుకి ఫోర్‌మన్ పత్రం మూశాడు, మనిషి పోయాడు గనక లాంఛనంగా. అంటే పత్రం తెరిచి ఉండగానే ఆమె మర తిప్పింది. ఆ ఫోర్‌మన్ ఎవరో కాదు, చనిపోయినవాడి సొంత అన్న ఎర్ముఖాన్. జిబెక్‌ను ఉరి తీయాలని కేంద్రం గేటు ముందు మూడు రోజులు నిలబడి అరిచింది కూడా అతనే.

నిన్న లాకప్‌లో జిబెక్‌ను చూశాను. నలభై రోజులుగా చెబుతున్నదే చెప్పింది. రెండో తెర మీద మూసినట్టు ఉంది, చూశాకే తిప్పాను అని. చెప్పి, పెద్దన్నను పిలిచినట్టు ఆగా అని పిలిచి, గోళ్లు చూసుకుంటూ అంది.

“ఆగా, అడిగిందే అడిగి నన్ను పిచ్చిదాన్ని చేశారు. నిజంగా చూశానా, చూశాననుకున్నానా అని ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది.”

అబద్ధం చెప్పేవాళ్లు అలా అనరు. ఇరవై మూడేళ్లు పోలీసు ఉద్యోగం చేశాక నాకు మిగిలిన జ్ఞానం ఆ మాత్రమే. అందుకే మనుషుల్ని వదిలి, ఆ అంకెలు చెప్పిన యంత్రం దగ్గరికి వెళ్లాను.

యంత్రం ఒక బీరువా అంత ఉంది. దాని కాపలాదారు రిషాత్, తాతారు మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. మోచేతుల దగ్గర అతుకులేసిన ఉన్ని చొక్కా తొడుక్కున్నాడు. నేను చనిపోయినవాడి తల్లి తరఫు ప్రతినిధినని కాగితం చూపించగానే లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు.

మొదట యంత్రం గురించే చెప్పమన్నాను. దానితో అతని నాలుక కాస్త వదులైంది. ఇది యూనిక్స్ సర్వరు, ఒకటే, కానీ లోపల గోడలు కట్టి మూడు గదులు చేశారన్నాడు. మొదటి గదిలో మరలు, రెండో గదిలో పనిపత్రాలు, మూడో గదిలో గేటు. ఒక గది పడిపోయినా మిగతావి నడుస్తాయి. ఏ గదికి ఆ గది తనే మొత్తం ఇల్లు అనుకుంటుంది. అయితే మూడింటికీ కింద ఉన్న గడియారం ఒక్కటే. దానికి తమ సమయం ఎంత తేడాలో ఉందో ఏ గదికి ఆ గది గుర్తుపెట్టుకుంటుంది.

తేడా ఎందుకుండాలని అడిగాను. జెయినోల్లా అనే నా పేరును గౌరవంగా జెకే అని కుదించి చెప్పాడు.

“ఆ మార్చి ఒకటో తేదీన దేశమంతా ఒకే టైమన్నారు గుర్తుందా జెకే? మనందరం గంట వెనక్కి తిప్పుకున్నాం. కింది గడియారం తిప్పాలంటే దీన్ని మొత్తం ఆపాలి. చలికాలం మధ్యలో ఆపితే ఊరు గడ్డకడుతుంది. వేసవిలో చేద్దామన్నారు. వేసవి వచ్చింది, పోయింది. అందుకని కింద పాత టైమే నడుస్తోంది. పైన మూడు గదుల్లో మాత్రం గంట తగ్గించి పెట్టాను.”

“మరి కరెంటు పోతే?”

రిషాత్ సొరుగులోంచి గళ్ల కాగితాల నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. అట్ట మీద ‘తెలిసిన సమస్యలు’ అని రాసి ఉంది. ఈ యంత్రం చేసిన కంపెనీ దీన్ని బాగుచేయడం ఎప్పుడో మానేసిందట. ఇక ఏ లోపమూ పోదు. తెలుసుకుని, పక్కదారి వెతుక్కుని బతకడమే. ముప్పై ఒక్క సమస్యలున్నాయి. మా అత్తగారితో కూడా ఇలాగే బతుకుతున్నాను జెకే, ఆవిడకి నోటుపుస్తకం చాలడం లేదంతే అన్నాడు. నేను నవ్వలేదు. అతను కూడా మధ్యలోనే ఆపేశాడు.

పదిహేడో సమస్య దగ్గర వేలు పెట్టాను. కరెంటు పోయి వస్తే గదులు తేడాను మర్చిపోయి పాత టైములో లేస్తాయి. ఒకటి, రెండు, మూడు గదుల్లో చేత్తో గంట వెనక్కి తిప్పాలి. తిప్పిన గదికి టిక్కు పెట్టాలి. దాని కింద తేదీలు, ప్రతి తేదీకీ మూడు టిక్కులు. ఓల్జబాయ్ పోయిన శుక్రవారం కూడా అందులో ఉంది. ఆ పొద్దున తొమ్మిదీ పదికి కరెంటు పోయింది. తొమ్మిదీ నలభైకి యంత్రం లేచింది. మూడు టిక్కులూ ఉన్నాయి.

పద్దెనిమిదో సమస్య ఆ వెంటనే ఉంది. మూడు గదులకూ కీబోర్డు ఒకటే, తెర ఒకటే. ఒక మీట నొక్కితే పక్క గదికి వెళతాం. కానీ ఎంటర్ నొక్కేదాకా తెర మీద పాత గది రాతలే కనిపిస్తాయి. ‘నొక్కి, గది పేరు చూసుకో’ అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాడు.

ఆ పొద్దున ఏం చేశావో ఇప్పుడు చేసి చూపించమన్నాను. ఏదీ మార్చకు, వేళ్లు మాత్రం కదుపు అన్నాను. అతను కూర్చున్నాడు. మొదటి గదిలో చేతులు కదిపాడు. మీట నొక్కాడు. తెర మారలేదు. మీట అందలేదేమో అనుకున్నవాడిలా చెయ్యి రెండోసారి మీట మీదికి వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. చెయ్యి నిజం చెప్పేసిందని అతనికి నాకంటే ముందే తెలిసింది.

నోటుపుస్తకం కిటికీ వెలుగులోకి తీసుకెళ్లాను. ప్రతి తేదీ దగ్గరా మూడు టిక్కులూ ఒకే నీలం సిరా. ఆ శుక్రవారం దగ్గర మాత్రం ఒకటోదీ మూడోదీ నీలం, మధ్యది నలుపు.

“ఈ నల్ల టిక్కు ఎప్పుడు పెట్టావు రిషాత్?”

“సోమవారం.”

ఆ తర్వాత అతను చెప్పినదంతా నేల చూస్తూనే చెప్పాడు. శుక్రవారం మీట రెండుసార్లు పడి ఒకటో గది నుంచి మూడో గదికి వెళ్లిపోయాడు. ఆ గది సరిచేసి టిక్కు పెట్టి, అన్నీ అయ్యాయనుకుని లేచాడు. రెండో గది పాత టైములోనే, గంట ముందుగా నడిచింది. శనివారం దర్యాప్తు అధికారి సగిందిక్ వచ్చి రికార్డులు అచ్చు తీసిమ్మంటే తీసిచ్చాడు. అప్పటికి అతనికీ తెలియదు. సోమవారం మధ్య టిక్కు లేదని చూసుకున్నాడు, గుట్టుగా సరిచేశాడు, టిక్కు పెట్టాడు. అప్పటికే జిబెక్‌ను పట్టుకెళ్లారు.

“ఒక్క మాట చెప్పుంటే ఆ పిల్ల బయటికొచ్చేది.”

“నేను లోపలికి పోయేవాణ్ణి ఆగా. గడియారం సంగతి నన్నెవరూ అడగలేదు.”

కొట్టాలనిపించింది. అబద్ధం ఎందుకు, చెయ్యి లేచింది కూడా. కానీ నాకు అతని చెంపకంటే అతని సంతకం ఎక్కువ అవసరం. చెప్పినదంతా రాయించి సంతకం పెట్టించాను.

పత్రం మూసిన సమయం ఒకటీ నలభై నాలుగు కాదు, పన్నెండూ నలభై నాలుగు. జిబెక్ మర తెరవడానికి పదకొండు నిమిషాల ముందు. ఆమె నిజమే చెప్పింది. ఆ క్షణంలో నాకు గొప్ప సంతోషం కలిగింది. ఆ సంతోషంలో పత్రం మూసినవాడి పేరు గురించి ఆలోచించలేదు. ఆలోచించకూడదని నా మనసే పక్కకు తప్పుకుందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒంటిగంటైంది. ఆ గదిలోనే ఒక మూల కోటు పరిచి నమాజుకు నిలబడ్డాను. నిలబడ్డానే గానీ మనసు నిలవలేదు. నుదురు నేలకు ఆన్చిన చోట ఒకే ఆలోచన. ఓల్జబాయ్ పోయింది శుక్రవారం. ఒంటిగంటకు జుమా, అందరూ కలిసి చేసే శుక్రవారం నమాజు. మసీదు కేంద్రం గేటుకు ఎదురుగా ఉంది. ఎర్ముఖాన్ జుమా తప్పనివాడు, అది నాకు తెలుసు, ఎన్నోసార్లు నా పక్క వరసలోనే నిలబడ్డాడు. నేను ఎన్ని రకాతులు చదివానో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంత దుర్మార్గమైన ఆలోచన నమాజులోనే ఎందుకు పంపావని దేవుణ్ణి అడిగాను. ఇంకెప్పుడు పంపితే వింటావని ఆయన అనుకున్నాడో ఏమో.

సలాంతో నమాజు ముగించి లేచి రిషాత్‌ను అడిగాను, జుమాకు వెళ్లేటప్పుడు ఫోర్‌మన్ పనిపత్రం ఎవరి చేతిలో పెట్టి వెళతాడని. అతను నోటుపుస్తకం తిప్పి ఇరవై రెండో సమస్య చూపించాడు. ఫోర్‌మన్ తాను తెరిచిన పత్రం మూయకపోతే అతని కార్డుకు గేటు తెరుచుకోదు. మూడో గది రెండో గదిని అడిగి గానీ మనిషిని వదలదు. కింద మనుషుల్ని వదిలేసి ఫోర్‌మన్ బయటికి పోకూడదని పెట్టిన కట్టుబాటు అది. ఫోర్‌మన్‌లు దాన్ని లోపం అనుకుని ఫిర్యాదు చేశారు. రిషాత్ రాసుకున్న పక్కదారి ఒకటే వాక్యం. ‘పత్రం మూసి వెళ్లి, వచ్చాక మళ్లీ తెరుచుకోమన్నాను.’

“అందరూ అంతే చేస్తారా?”

“శుక్రవారం అందరూ అంతే. మనుషులకి పైకి రమ్మని చెప్పి మూస్తారు. టీ తాగుతూ కూర్చుంటారు వాళ్లు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఏమీ కాలేదు జెకే.”

గేటు దగ్గరికి నడిచాను. యంత్రం మాట ఇక నమ్మదలచుకోలేదు. అక్కడ కాపలావాళ్లు పెన్నుతో రాసే చిట్టా ఒకటుంది. ఆ శుక్రవారం పేజీ తీయించాను. ఎర్ముఖాన్ బయటికి, పన్నెండూ నలభై ఆరు. లోపలికి, ఒకటీ ఇరవై రెండు. పత్రం మూయకుండా అతని కార్డుకు గేటు తెరుచుకోదు. మూసిన రెండు నిమిషాలకు తెరుచుకుంది.

చిట్టా కాపీ చేయించుకుంటుండగా వెనక నుంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు పరిచయమే. సగిందిక్.

పదకొండేళ్ల కిందట అతను నా కింద లెఫ్టినెంటు. ఒక అబద్ధపు కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. అతను పెట్టాడు. నెల తిరిగేసరికి నా ఆరోగ్యం బాగాలేదని ఇంటికి పంపించి, నా కుర్చీ అతనికిచ్చారు. నాకు ఆ నెలలో జలుబు కూడా చేయలేదు. పదకొండేళ్లుగా ఐదుపూటలా అందరి మేలు కోరి దువా చేస్తాను. అతని పేరు దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ నోరు మూసుకుపోతుంది.

“జెకే. మనవళ్లని ఆడించుకునే వయసులో ఈ గొట్టాల మధ్య ఏం వెతుకుతున్నారు? మోకాళ్లు నొప్పి పుట్టవూ?”

“నువ్వు పారేసుకున్నదే వెతుకుతున్నాను. ఒక గంట.”

గేటు పక్క గదిలో బల్ల మీద అన్నీ వరసగా పెట్టాను. రిషాత్ వాంగ్మూలం, నోటుపుస్తకం, చిట్టా. అతను నిలబడే చదివాడు. చదివి నవ్వాడు. భయపడ్డ గుమాస్తా ఎవరికి కావలసింది వాళ్లకి రాసిస్తాడన్నాడు. కాపలావాడికి పన్నెండుకీ ఒంటిగంటకీ తేడా తెలుసో లేదో అన్నాడు. ప్రాసిక్యూటరుకు అర్జీ పెట్టుకోండి, వచ్చే వారం చూస్తారు, ఇవాళ ఐదింటికి మాత్రం సంతకం అవుతుందని తేల్చేశాడు. యంత్రానికి పగా లేదు, ప్రేమా లేదు, అది అబద్ధమాడదు అని నాకు పాఠం కూడా చెప్పాడు.

అతని ఫైలు తెరవమన్నాను. చనిపోయినవాడి తల్లి తరఫు ప్రతినిధికి చూసే హక్కుంది. ఎర్ముఖాన్ మొదటి వాంగ్మూలం తీయమన్నాను. ఆ రోజు శవం దొరికిన కాసేపటికే సగిందిక్ వచ్చాడు, అతని స్టేషను పక్క గోడే. తన చేత్తోనే రాసుకున్నాడు.

“పైన ఏముందో చదువు.”

“మొదలు, ఒకటీ ముప్పై రెండు.”

“కింద?”

“ముగింపు, ఒకటీ నలభై ఒకటి.”

“మధ్యలో ఎర్ముఖాన్ ఏమన్నాడో చదువు.”

చదవడం మొదలుపెట్టి సగంలో ఆగాడు. నేనే పూర్తి చేశాను. తమ్ముడి శవం పైకి తీశాక పత్రం మూసేశాను, అన్నాడు ఎర్ముఖాన్. మూసేశాను, అని. ఒకటీ నలభై ఒకటికల్లా ఆ మాట కాగితం మీద ఉంది. యంత్రమేమో ఒకటీ నలభై నాలుగుకి మూశాడంటోంది. ఇంకా జరగని పనిని అతను నీకు జరిగిపోయిందని చెప్పాడు, నువ్వు రాసుకుని సంతకం పెట్టావు.

“వాంగ్మూలానికి పైన మొదలు, కింద ముగింపు నీ చేత్తో రాయాలని నీకు నేర్పిందెవరు సగిందిక్?”

అతని మెడ దగ్గర రంగు మారింది. పదకొండేళ్లు ఆ రంగు కోసమే బతికానని అప్పుడు తెలిసింది. తియ్యగానే ఉంది. దాచను. కానీ ఆ తీపి నోట్లో ఉండగానే దాని అడుగున ఉన్నది తగిలింది. నేను ఓడించింది సగిందిక్‌ను కాదు, బల్జాన్ అపాకు మిగిలిన ఒక్క కొడుకును.

సగిందిక్ వాంగ్మూలం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

“నా వాచీ ఐదు నిమిషాలు వెనకుందని రాసుకుంటాను.”

“ఒక పిల్ల బతుకు కంటే నీ వాచీ ఎక్కువా?”

“నలభై రోజులు దాన్ని లోపల పెట్టింది నేను జెకే. ఇప్పుడు తప్పని రాస్తే మీలాగే నా ఆరోగ్యం కూడా బాగుండదు. ఎర్ముఖాన్ తన నోటితో, నా ముందు, ఐదులోపల చెబితే వేరే సంగతి. అప్పుడు నేను మోసపోయిన వాణ్ణవుతాను, తప్పు చేసిన వాణ్ణి కాను.”

అంత నిజాయితీగా అతను నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

బల్జాన్ అపా ఇల్లు చేరేసరికి మూడూ యాభై. నలభయ్యో రోజు భోజనాలకు వచ్చినవాళ్లంతా చల్లని ఇంట్లో కోట్లు విప్పకుండా కూర్చున్నారు. ఎర్ముఖాన్ పెరట్లో టీ నీళ్లు కాచే సమావరు దగ్గర బొగ్గులు వేస్తున్నాడు. పొడుగు మనిషి, తమ్ముడు పోయాక గడ్డం తీయలేదు. నన్ను చూసి రెండు చేతులూ చాచి పలకరించాడు. ఆ చేతులు నా చేతుల్లో ఉండగానే మూడు సంగతులూ చెప్పాను. చిట్టా, వాంగ్మూలం, నల్ల టిక్కు.

అతను చేతులు లాక్కోలేదు. బొగ్గుల వైపు చూస్తూ, చంపాలనుకోలేదని చెప్పాడు. నమ్మాను. జుమాకు ఆలస్యమవుతోందని, గొట్టాల గది మూత దగ్గర వంగి పైకి రా, టీ తాగు అని కేకేశానని చెప్పాడు. తమ్ముడు సరేనన్నాడనుకున్నానన్నాడు.

“అనుకున్నావా, విన్నావా?”

 ఆ ప్రశ్న దాటేసి తర్వాతి సంగతి చెప్పాడు. శవం పైకి తీసినప్పుడు భయంతో నోటికొచ్చింది చెప్పాడట. మర్నాడు అచ్చు కాగితంలో ఒకటీ నలభై నాలుగు చూసి, అది తనకోసం దేవుడే తిప్పిన గడియారం అనుకున్నాడట. నాకు ఒళ్లు మండింది. దేవుడు నీకోసం ఒక ఆడపిల్లను బలిచ్చాడని ఎలా అనుకున్నావురా అని అడిగాను. జిబెక్ మీద అందరికంటే గట్టిగా అరిచింది నువ్వే కదా అన్నాను. అరవకపోతే తన లోపలిది వినిపిస్తుందని అరిచానన్నాడు.

“అమ్మకి చెప్పకండి ఆగా. చచ్చిపోతుంది.”

“ఐదింటికి ఇంకో అమ్మ చస్తుంది.”

లోపలినుంచి పిలుపు వచ్చింది. ఖురాను పారాయణ అయిపోయింది. బల్జాన్ అపా అందరి మధ్యా కూర్చుని ఉంది. తల చుట్టూ తెల్లబట్ట, ఒంటి మీద కోటు. ఆమె రెండు చేతులూ ముందుకు చాచి ఉండటం చూసి, గదిలో ఎవరూ ఎందుకు ఊపిరి పీల్చడం లేదో అర్థమైంది.

అరచేతులు పైకి చాచి పెద్దవాళ్లు అనే మాట దీవెన. ఆ చేతుల్నే తిరగేసి, వెనక భాగం పైకి పెట్టి అంటే అది శాపం. మా వాళ్లు తిట్టుకుంటారు, కోర్టుకెక్కుతారు, కత్తులు కూడా తీస్తారు, చేతులు మాత్రం తిరగేయరు. బిడ్డ పోయిన తల్లి తిరగేసిన చేతులు ఏడు తరాల దాకా దిగవంటారు. నేను నా అరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

పేరు తెచ్చావా అని ఆమె నన్ను అడిగింది. తెచ్చానన్నాను.

“ఆ జిబెక్కేనా?”

నేను మాట్లాడలేదు. తెలిసే మాట్లాడలేదు. నేను కాదంటే అది నా మాటవుతుంది, సగిందిక్‌కు నా మాట పనికిరాదు. ఒక కొడుకును తల్లి చేతుల కింద నిలబెట్టి నోరు తెరిపించడం ఏ ధర్మమో నాకు తెలియదు. ఆ నిశ్శబ్దాన్ని ఆమె అవుననే తీసుకుంది. అరచేతులు మెల్లగా పక్కకు ఒరిగాయి. తిరగడం మొదలైంది. మూల నుంచి ఒక ముసలాయన వద్దు బల్జాన్ అన్నాడు. ఆమె ఆగలేదు.

ఎర్ముఖాన్ గుమ్మంలోంచి వచ్చి ఆమె మణికట్లు పట్టుకున్నాడు. మోకాళ్ల మీద పడ్డాడు.

“అమ్మా, తిప్పకు. ఆ పిల్ల కాదు. పత్రం మూసింది నేను.”

“ఎప్పుడు?”

“జుమాకి వెళ్లేముందు.”

“వాడు కింద ఉన్నాడని తెలుసా?”

“తెలుసు. పైకొచ్చాడనుకున్నాను. చూడలేదు.”

ఆమె కొడుకు ముఖం వైపు చూడలేదు. అతని తలమీదుగా గోడ వైపు చూస్తూ ఇంకొక్కటే అడిగింది.

“ఈ నలభై రోజులూ?”

ఎర్ముఖాన్ తల ఆమె ఒళ్లో పడిపోయింది. ఆమె మణికట్లు విడిపించుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, అలా పెట్టుకున్నది వాటిని ఆపుకోవడానికేనని తెలుస్తోంది, కారు ఎక్కడుందని నన్ను అడిగింది.

ఎర్ముఖాన్ వెనక సీట్లో ఒక చివర, ఆమె ఇంకో చివర. స్టేషను ఇరవై నిమిషాల దారి. నాలుగూ పదహారు. సగిందిక్‌కు ఫోన్ చేసి, వస్తున్నాం, పెన్ను ముట్టుకోవద్దని చెప్పాను. ఐదు దాకానే అన్నాడు.

రెండు వీధులు దాటాక ఆమె మాట్లాడింది.

“ఆ పిల్లకి తల్లి ఉందా?”

ఉందని చెప్పాను. ఊరికి అవతలి చివర, రైలు పట్టాల దగ్గర. నలభై రోజులుగా ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. గోడ మీద బొగ్గుతో ఏవేవో రాశారు.

“ముందు అక్కడికి పోనీ.”

“అపా, ఐదవుతుంది.”

“పోనీ. వీడు మొదట ఆవిడకి చెప్పాలి. చిన్నోణ్ణి పోగొట్టినందుకు వీణ్ణి నేనేం చేసుకుంటానో తర్వాత చూసుకుంటాను. ఆ నలభై రోజులకి వీడి మీద తిరగేయాల్సిన చేతులు నావి కావు. ఆవిడవి. తిరగేస్తే నేను అడ్డం రాను.”

అద్దంలో ఎర్ముఖాన్ ముఖం కనిపించింది. తలుపు పిడి మీద అతని చెయ్యి ఉంది. ఎర్ర దీపం దగ్గర కారు ఆగింది. దిగి పారిపోవాలంటే అదే అదను. అతని వేళ్లు పిడి చుట్టూ బిగిశాయి, అలాగే ఉన్నాయి. దీపం మారింది. ఐదు లోపల రెండు చోట్లకీ అందుకోగలమో లేదో నాకు తెలియదు. కారు పట్టాల వైపు తిప్పాను.